పదిహేడు మీద ఆగే మీసాలాయన

"పత్తాలు ఎవరు పంచుతున్నరే?"

అరచేతిలో పట్టే ఆ ఆట యంత్రాన్ని తెరిచి ముందు పెట్టగానే మా అత్త అడిగిన మొదటి మాట అది. అద్దమున్న పౌడరు డబ్బాలా మడత విప్పితే దానికి రెండు తెరలు. పై తెరలో మెడకు ఎర్ర టై కట్టుకున్న మీసాల బొమ్మ ఒకటి పేక పత్తాలు విసురుతోంది.

"ఈయనే," అన్నాను.

"ఈయనకు కలపొస్తదా? కలిపినట్టు చేసి తనక్కావల్సినవి పెట్టుకుంటలేడని నీకెట్ల తెలుసు?"



అత్తంటే మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. రాయచూరులో మా ఇంటి ముందు గదిలో ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు చేరతాను. నేను భోంచేసి లేచేసరికి, అత్త ఆపా అని పిలిచే పక్కింటి ఖాలా వచ్చేది. ముగ్గురం చాప మీద కూర్చుని చింతగింజలు పెట్టి రమ్మీ ఆడేవాళ్లం. అత్తా ఖాలా దాదాపు ఒక ఈడువాళ్లు. ఈమె తెలుగులో తిడితే ఆమె ఉర్దూలో జవాబిచ్చేది. ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి.

రెండేళ్ల కిందట అత్త చేతులు వణకడం మొదలైంది. డాక్టరు మందులు రాశాడు, పూర్తిగా తగ్గుతుందని మాత్రం అనలేదు. మొదట సూదిలో దారం ఎక్కించలేకపోయింది. తర్వాత పదమూడు పత్తాలను విసనకర్రలా పట్టుకోవడం కష్టమైంది. ఒకరోజు రెండు పత్తాలు జారి వెల్లకిలా పడ్డాయి. ఖాలా చూడనట్టు తల తిప్పుకుంది. ఆమె అలా తల తిప్పుకోవడం అత్తకు కనిపించింది.

మర్నాడు ఖాలా వస్తే, "నాకీ ఆట ఇసుగొచ్చింది ఆపా," అంది అత్త. ఖాలా వచ్చిన దారినే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేను మొదట ఫోనులో రమ్మీ పెట్టిచ్చాను. వేలు తెర మీద వణికితే పత్తాలు చెల్లాచెదురయ్యేవి. పైగా నిమిషానికొక ప్రకటన వచ్చి పడేది. అందుకే బజారులో ఫోన్లు బాగుచేసే దుకాణం అద్దాల అరలో ఈ పాత యంత్రం కనబడగానే ఆగాను. "దీంట్ల పత్తాలాటలున్నయి మేడం, గుండీలు నొక్కి ఆడొచ్చు," అన్నాడు దుకాణదారు. తీసుకున్నాను.

తీరా చూస్తే దాంట్లో రమ్మీ లేదు. అన్నీ కేసినోల్లో ఆడే జూదపు ఆటలు. ఇందులో డబ్బుల్లేవు, గెలిస్తే తెర మూలన ఒక అంకె పెరుగుతుంది, అంతే. ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకం దుకాణదారు దగ్గర కూడా లేదు. వాటిలో బ్లాక్‌జాక్ తెరిచాను. హిట్, స్టాండ్ అని రెండు మాటలు కనబడ్డాయి.

"అంటే?"

"కొట్టు, నిలబడు."

"ఎవర్ని కొట్టాలె?"

కొట్టి చూశాం. చేతిలో రాజు, ఆరు ఉన్నాయి. కొడితే తొమ్మిది వచ్చింది. వెంటనే ఎర్ర అక్షరాలు.

"ఓడినవట," చదివి చెప్పాను.

"ఎందుకు?"

"తెలీదు అత్తా."

ఫోనులో వెతికితే క్షణంలో తెలిసేది. నేను ఫోను తీయబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. మనమే పట్టుకుందాం." చాలా రోజుల తర్వాత ఆమె కళ్లలో ఆ చురుకు చూశాను. ఫోను పక్కన పడేశాను.

గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తెమ్మంది. ఓ పాత లంగా గుడ్డ పరిచి, ఏ పత్తాలు వచ్చాయో, గెలిచామో ఓడామో నాతో రాయించింది. నేను రోజూ ల్యాబులో చేసేదీ ఆ పనే, కానీ ఎందుకు రాస్తున్నానని ఎప్పుడూ ఇంత ఆత్రంగా ఆలోచించలేదు. రాజు, రాణి, గులాం ముగ్గురికీ పదే విలువని మొదటి రోజే తేలింది. "రాజుకూ గులాముకూ ఒకటేనా! మంచిదే," అంది. పద్దెనిమిది మీద ఇరవై గెలుస్తోంది, ఇరవై రెండు మాత్రం ఓడుతోంది. మధ్యలో ఇరవై ఒకటి సంగతి తేలాలి. అది రావడానికి రెండు రోజులు పట్టింది. ఏడు, అయిదు, తొమ్మిది. గెలిచాం.

"ఇరవై ఒకటి గట్టు," అంది అత్త. "దాటితే కాలువల పడ్డట్టే."

ఎక్కాతోనే, అదే ఆసుతోనే, తంటా వచ్చింది. ఎక్కా పక్కన రాజు పడితే ఇరవై ఒకటని సంగీతం మోగింది, అంటే ఎక్కా పదకొండు. ఇంకోసారి ఎక్కా, ఆరు, ఎనిమిది వచ్చాయి. పదకొండైతే కాలువలో పడాలి కదా, పడలేదు. యంత్రం చెడిందన్నాను నేను. అత్త గుడ్డ వంక చాలాసేపు చూసింది.

"చెడలే. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ మడిచి వదుల్తం చూడు, గిది అసుంటిది. అవసరం పడితే పదకొండు, లేకుంటే ఒకటి."

ఆ వారమే ఒక దెబ్బ తగిలింది. అత్త చేతిలో పన్నెండు. గుండీ నొక్కితే ఎనిమిది వచ్చి ఇరవై అయింది. అక్కడ ఆగాలి. వణికే వేలు మళ్లీ గుండీ మీద పడింది. అయిదు. ఎర్ర అక్షరాలు. అత్త యంత్రం మూసేసి గోడవైపు తిరిగి పడుకుంది. చాయ్ ఇస్తే తాగలేదు.

మర్నాడు నేను ల్యాబు నుంచి వచ్చేసరికి శేరు జొన్నలు, మందపాటి గుడ్డ ముందు పెట్టుకుని కూర్చుంది. "సంచి కుట్టు. జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు." కుట్టాను. చూసి, "వంకర పోయింది, విప్పు," అంది. రెండుసార్లు విప్పించింది. మూడోసారి ఆ జొన్నల సంచిని మణికట్టు మీద బరువుగా వేసుకుని గుండీ నొక్కింది. చెయ్యి పూర్తిగా ఆగలేదు కానీ వేలు ఒక్కసారే పడింది.

తర్వాత ఆమె దృష్టి మీసాలాయన మీదికి పోయింది. తన పత్తాలు వదిలేసి ఆయనవే రాయించడం మొదలుపెట్టింది. పదహారుంటే ఆయన ఇంకోటి తీసుకుంటాడు, పదిహేడుంటే ఆగుతాడు. మన దగ్గర ఇరవై ఉన్నా సరే, ఓడతానని తెలిసినా సరే, పదిహేడు మీద ఆగుతాడు. పది రోజుల్లో ఒక్కసారీ తప్పలేదు.

"ఆయన ఆడ్తలేడే బిడ్డా," అంది అత్త నెమ్మదిగా. "చెప్పిన పని చేస్తున్నడు. పాపం, ఆయనకు ఇష్టమన్నది లేదు." మళ్లీ తనే, "అదే మనిషి కూసుంటే ఏం జేస్తడు?" అంది.

ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి, "పోయి ఆపాను పిల్చుకరా," అంది.

ఖాలా తన గుమ్మం లోంచి కదల్లేదు. "మీ అత్త ఇసుగు తీరిందా బేటీ?"

"రా ఖాలా. నీతో పనుందట."

వచ్చింది. ఇద్దరూ మొదట ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అత్త కుట్టుమిషను సొరుగులోంచి అసలు పత్తాల కట్ట తీయించి ఆట చెప్పింది. పంచేది ఖాలా, పదిహేడు వస్తే ఆగాలి. ఖాలా తలూపి పంచింది. అత్తకు పందొమ్మిది, చాలంది. ఖాలా పత్తాలు తిప్పితే పదిహేడు. ఖాలా చెయ్యి కట్ట మీదికి పోయింది.

"ఆపా, పదిహేడు!"

"మాలూమ్ హై, తెలుసు. ఒక్కటి చూస్త." తీసింది. మూడు. ఇరవై.

ఓడింది అత్తే, అయినా దగ్గు వచ్చేదాకా నవ్వింది. "చూసినవా బిడ్డా? మనిషంటే గిట్ల!" ఖాలాకు ఏమీ అర్థం కాలేదు కానీ తనూ నవ్వింది.

అప్పుడు నేనొకటి గమనించాను. ఈ ఆటలో పత్తాలన్నీ చాప మీదే ఉంటాయి, చేతిలో పట్టుకోవలసింది ఏదీ లేదు. ఇంకోటి కావాలంటే చాపను తడితే చాలు. ఆ పూట ఒకసారి అత్త చెయ్యి చాప మీద రెండుసార్లు తగిలింది. ఖాలా పంచకుండా ఆగి అడిగింది:

"ఒకటా, రెండా అక్కా?"

"ఒకటే."

ఖాలా ఒకటే వేసింది.

ఇప్పుడు ఖాలా వారంలో నాలుగు రోజులైనా వస్తోంది. యంత్రాన్నీ వదల్లేదు, దాంట్లో పాచికల ఆట ఒకటుంది. ఏడు పడితే ఒకసారి గెలిపిస్తుంది, ఒకసారి ఓడిస్తుంది. ఏడు మంచిదని అత్త, చెడ్డదని ఖాలా. మొదటిసారి వేసినప్పుడు పడే ఏడు వేరు, తర్వాత పడే ఏడు వేరేమోనని నిన్న నాకు అనుమానం వచ్చింది. వాళ్లే పట్టుకోవాలని ఇంకా చెప్పలేదు.