అటక కింద అతిథి

పెర్సిదా కోడలిగా అడుగుపెట్టినప్పుడు ఆ ఇంట్లో మగాళ్ళు నలుగురు: మామగారు, ఆయన ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఒబ్రెన్ ఆమె మొగుడు. ఆస్ట్రియా సరిహద్దున ఉన్న మా మాచ్వా పల్లెల్లో సంబంధం చూసేవాళ్ళు పొలం ఎంతని అడిగే ముందు ఇంట్లో మగదిక్కు ఎంతని అడిగేవారు. ఆ లెక్కన ఆమె మంచి ఇంటికే వచ్చింది. మనిషి పొట్టి, మాట పొదుపు. "నీ కోడలికి నోట్లో నాలుక లేదా, స్తోయానా?" అని చుట్టుపక్కల ఆడవాళ్ళు అత్తగారిని ఏడిపించేవారు. "ఉందిలే, అవసరానికని దాచుకుంది," అనేది స్తోయానా. అత్తాకోడళ్ళకి ఇంట్లో క్షణం పడేది కాదు కానీ, బయటివాళ్ళ ముందు ఒకరినొకరు వదులుకునేవాళ్ళు కాదు.

పెళ్ళైన ఏడాదికి యుద్ధం వచ్చింది. సరయేవోలో ఒక కుర్రాడు ఆస్ట్రియా యువరాజునీ ఆయన భార్యనీ కాల్చి చంపాడన్న కబురు ద్రినా నది దాటి వచ్చేసరికి ఊరంతా కోతల్లో ఉంది. నెల తిరిగేసరికి దండోరా పడింది. ఒబ్రెన్ బూట్లకి కొవ్వు రాసుకుంటూ కూర్చుంటే పెర్సిదా పక్కన చేరింది.

"ఆస్ట్రియావాడు మన మీదికొస్తున్నాడు. వాడి వెనక జర్మనీ ఉంది," అన్నాడు ఒబ్రెన్.

"మరి మన వెనక?"

"రష్యా. రష్యా వెనక ఫ్రాన్సు. ఇంగ్లండు కూడా దిగిందట."

"ఫ్రాన్సుకి మనమెవరో తెలుసా?"

"మనం తెలీదు. రష్యాకి మాటిచ్చింది."

"బెల్జియం బెల్జియం అంటున్నారు, అదెవరి వెనక?"

"అది ఎవరి వెనకా లేదు. దారికి అడ్డంగా ఉంది."

"అయితే మనకి చుట్టమే," అంది పెర్సిదా.

ఆ యుద్ధానికి కారణాలేమిటని తర్వాత చాలా పుస్తకాలు వచ్చాయి. ఓడల పోటీలు, పరాయి దేశాల పంపకాలు, పాత పగలు, ఒకసారి కదిలిస్తే ఆపలేని సైనిక రైళ్ళు అన్నీ అందులో ఉంటాయి, ఏదీ అబద్ధం కాదు. కానీ మాచ్వాలో ముసలివాళ్ళనడిగితే ఒకే ముక్క చెబుతారు. పెద్దలు రెండు జట్లు కట్టి, ఒకరి తగాదా అందరి తగాదా అని మాటిచ్చుకున్నారు. ఆ మాట చెల్లించే వంతు మన పిల్లలకి పడింది. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయి. ఇంతకంటే బాగా చెప్పడం ఎవరికీ చేతకాలేదు.

ఆగస్టులోనే ఆస్ట్రియా సైన్యం నది దాటింది. త్సేర్ కొండ దగ్గర మనవాళ్ళు వాళ్ళని తరిమికొట్టారు. వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్ళలేదు. కనబడ్డ మగాళ్ళని ఉరి తీసి వెళ్ళారు. పెర్సిదా మామగారు అలా పోయాడు. ఆ చలికాలం గోరుచుట్టు మీద రోకటిపోటులా విషజ్వరం వచ్చి నడిమి కొడుకుని తీసుకుపోయింది. మరుసటి ఏడు ఇటలీ ఆ జట్టు వదిలి ఈ జట్టులో చేరింది, బల్గేరియా ఆ జట్టులో చేరింది. ఉత్తరాన్నుంచి జర్మనీ, ఆస్ట్రియా, తూర్పున బల్గేరియా ఒక్కసారే మీద పడితే ఇంత చిన్న దేశం ఏం చేస్తుంది? మన సైన్యం తుపాకులు భుజాన వేసుకుని అల్బేనియా మంచుకొండలు దాటి సముద్రం వైపు నడిచింది. ఒబ్రెన్ ఆ నడకలో ఉన్నాడని తప్ప ఇంకే కబురూ లేదు.

ఆఖరివాడు తిహోమిర్‌కి అప్పటికి పందొమ్మిది. అన్నతోపాటే బయల్దేరాడు కానీ కొండల మొదట్లోనే మంచుకి పాదాలు నల్లబడ్డాయి. దారిలో ఎవరెవరో దాచి పెట్టి, తిండి పెట్టి, బండ్లలో గడ్డి కింద పడుకోబెట్టి చివరికి ఇంటికి చేర్చారు. పెర్సిదా వాడి పాదాలు సారాతో కడిగి, కుళ్ళిన వేళ్ళు కత్తితో తీసేసింది. వాడు అరవకుండా స్తోయానా వాడి నోట్లో తన కొంగు కుక్కి, తను మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది. ఆ తర్వాత వాణ్ణి అటక ఎక్కించి మొక్కజొన్న కండెల వెనక దాచారు. దాక్కున్న సైనికుణ్ణి అప్పగించకపోతే వాడికీ, దాచినవాళ్ళకీ ఒకటే శిక్ష, ఉరి అని ఊరిని ఆక్రమించిన ఆస్ట్రియావాళ్ళు చాటించారు. ఆ ఇంటికి మిగిలిన మగదిక్కు, ఉన్నాడని కచ్చితంగా తెలిసినవాడు, వాడొక్కడే.

అలా ఏడాది గడిచి, మళ్ళీ నికోలా పండుగ వచ్చింది. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక పుణ్యపురుషుడు ఉంటాడు. ఆయన పండుగ రోజే ఆ ఇంటి స్లావా. ఈ ఇంటికి నికోలా. అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. నిలబెట్టే మగాడు లేకపోతే ఆ ఇల్లు ఆరిపోయిందంటారు. ఆ రోజు పిలుపులుండవు. గడప తొక్కినవాడు ఎవరైనా సరే అతిథే. ఇంటి యజమాని పొద్దున్నుంచీ కూర్చోకుండా, వచ్చినవాళ్ళకి తన చేత్తో వడ్డించాలి. ముందుగా గోధుమ ప్రసాదం పెడతారు. పళ్ళెంలో శుభ్రమైన చెంచాలు, పక్కన గాజు గ్లాసులో నీళ్ళు. ఒక చెంచాడు తిని, ఎంగిలి చెంచాని ఆ నీళ్ళలో వేస్తారు.

"మగాడు నిలబడని స్లావా ఏం స్లావా?" అంది స్తోయానా పొద్దున్నే. "వాణ్ణి ఒక్క గడియ దింపు. కొవ్వొత్తి వెలిగించి మళ్ళీ ఎక్కేస్తాడు."

"దింపను."

"నువ్వెవరే దింపననడానికి? వాడు నా కొడుకు."

"నీ కొడుకే అత్తమ్మా. అందుకే దింపనంటున్నా. నేను నిలబడతా."

"ఆడదానివి."

"కాళ్ళున్నాయిగా."

స్తోయానా కళ్ళొత్తుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పాదిరిగారిని పట్టుకెళ్ళి ఎక్కడో శిబిరంలో పెట్టారు కాబట్టి పండుగ రొట్టెని దీవించేవాళ్ళు లేరు. పెర్సిదా తనే కొవ్వొత్తి వెలిగించింది. పంచదార దొరక్క, గోధుమ ప్రసాదంలో అడుగంటిన తేనె, గుప్పెడు అక్రోటు పప్పు కలిపింది. మాంసం ముట్టని ఉపవాసాల్లో వచ్చే పండుగ కాబట్టి దాని బదులు చేప ఉండాలి. చేపా లేదు, చిక్కుడు గింజలే ఉడికించింది. కొత్త మంచు పడింది. వాకిట్లో ఒక్క అడుగుజాడ కూడా లేదు. ఎవరి భయం వాళ్ళది, ఏ ఇంటికీ ఎవరూ వెళ్ళడం లేదు.

ఆమె పెరట్లో కట్టెలు తెస్తుండగా ముందు వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఇద్దరు. ఒక సార్జెంటు, అతని వెంట దుబాసీగా ఒక సైనికుడు. అలాంటి వాళ్ళు ఆ సైన్యంలో చాలామందే ఉన్నారు. మన భాష, మన మతం, ఒంటి మీద మాత్రం ఆస్ట్రియా దుస్తులు. నదికి అవతల పుట్టడమే వాళ్ళ నేరం. అతని పేరు సిమో అనీ, లికా కొండలవాడనీ పెర్సిదాకి ఆ తర్వాతే తెలిసింది.

"ఇంట్లో ఎందరు?" అని సార్జెంటు అడిగించాడు.

"మేమిద్దరమే. నేను, మా అత్తగారు."

"ఈ రోజు ఎవరైనా వచ్చారా?"

"మంచు చూడండి. మీ అడుగులే ఉన్నాయి."

సార్జెంటు పశువుల కొట్టం చూసి వస్తానని అటు వెళ్ళాడు. సిమో లోపలికొచ్చి, మూల వెలుగుతున్న కొవ్వొత్తిని చూసి, టోపీ తీశాడు.

"స్లావా శుభం, ఇంటావిడా."

స్తోయానా కోడలి చెవిలో బుసకొట్టింది. "వాడికి పెట్టకు. మామగారి ఉరితాడు మర్చిపోయావా?"

మర్చిపోలేదు. కానీ ఈ రోజు గడప దాటి వచ్చి, టోపీ తీసి, శుభం పలికినవాడికి పెట్టకపోతే ఇక ఆ కొవ్వొత్తి ఎందుకు? పెర్సిదా పళ్ళెం ఎత్తి అతని ముందుకి తెచ్చింది. తెచ్చాక చూసింది. గ్లాసులో మూడు ఎంగిలి చెంచాలున్నాయి.

తను తిన్నది ఒకటి. అత్తగారిది ఒకటి. మూడోది ఎవరిదో అడగక్కర్లేదు. కట్టెలకి వెళ్ళినప్పుడు స్తోయానా నిచ్చెనెక్కి కొడుక్కి పండుగ ప్రసాదం తినిపించి వచ్చింది. ఎంగిలి చెంచా ఎక్కడ వెయ్యాలో ఆవిడ చేతికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆలోచించకుండా అక్కడే వేసింది. ఆ తప్పు మా ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. అది కనిపెట్టడం కూడా మా ఇళ్ళలో పుట్టినవాడికే చేతనవుతుంది. కానీ సార్జెంటు ఏడాదిగా ఇక్కడే ఉన్నాడు, పొద్దున్నుంచీ ఎన్ని ఇళ్ళలో తిన్నాడో, అతనికీ ఈ పద్ధతి తెలిసిపోయింది.

సిమో గ్లాసు వైపు చూశాడు. ఇద్దరాడవాళ్ళనీ చూశాడు. ఆ తర్వాత తలెత్తకుండా, కళ్ళు మాత్రం పైకెత్తి అటక చెక్కల్ని చూశాడు. స్తోయానా బల్ల అంచు పట్టుకుంది. పెర్సిదా పళ్ళెం వెనక్కి తియ్యలేదు. అబద్ధం ఒక్కటీ తట్టలేదు, తట్టినా ఇతని దగ్గర చెల్లదు. చాలాకాలం నుంచి దాచుకున్న నాలుక అప్పుడు బయటికొచ్చింది.

"తమ్ముడూ, ఈ రోజు మా ఇంటికొచ్చినవాడు అతిథి. అతిథి తిన్నది తీసుకెళ్తాడు. చూసింది ఇక్కడే వదిలి వెళ్తాడు."

కొట్టం తలుపు మూసిన చప్పుడైంది. బూట్లు వాకిట్లోకి వస్తున్నాయి. సిమో శుభ్రమైన చెంచాల వైపు చెయ్యి చాపి, ఆపి, నీళ్ళలోంచి ఒక ఎంగిలి చెంచా తీశాడు. ఎవరిదో తెలియని ఎంగిలి. మా స్లావాలో ఎవడూ చెయ్యని పని అది. దాంతో గోధుమలు నిండుగా తీసుకుని నోట్లో పెట్టుకుని, చెంచాని మళ్ళీ నీళ్ళలో వేశాడు. గ్లాసులో ఇప్పటికీ మూడే.

సార్జెంటు గుమ్మంలో నిలబడి గ్లాసులో చెంచాలు లెక్కపెట్టాడు. తన భాషలో ఏదో అడిగాడు. సిమో నమలడం ఆపకుండానే బొటనవేలితో తన గుండె చూపించి రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. సార్జెంటు అతని బుగ్గ చూశాడు, గ్లాసు చూశాడు. తనూ ఒక చెంచా తీసుకుని తిని, నీళ్ళలో వేసి, బాగుందన్నట్టు తలూపి బయటికి నడిచాడు.

సిమో టోపీ పెట్టుకున్నాడు. "మాదీ నికోలాయే అక్కా," అన్నాడు మెల్లగా. "లికాలో మా అమ్మ ఒక్కతే ఉంది. నేను ఇక్కడ. మా ఇంటి స్లావా ఎవరు నిలబెడుతున్నారో తెలీదు."

"నీ పేరేంటి?"

"సిమో."

పెర్సిదా చిన్న గ్లాసులో ఆల్‌బకరా సారా పోసి అతని చేతికిచ్చింది. "సిమో వాళ్ళమ్మ ఇంటి దీపం ఆరకూడదు," అంది. అతను తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ అతన్ని చూడలేదు. బతికాడో లేదో కూడా తెలియలేదు.

వాళ్ళు గేటు దాటాక స్తోయానా నేల మీద కూలబడి తల బాదుకుంది. "నా చేత్తో నేనే చంపుకునేదాన్ని."

"తల్లివి, పెట్టుకున్నావు. లే అత్తమ్మా," అంది పెర్సిదా. ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఇన్నేళ్ళ కీచులాటలో మాటకి మాట అప్పజెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు, అయినా అనలేదు. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం మానేశారని కాదు, కానీ స్తోయానా గొంతు ఒక మెట్టు దిగింది.

ఊరు మాత్రం దిగలేదు. శత్రువుకి చేతులారా ప్రసాదం పెట్టి, సారా పోసిందని కబురు పాకింది. "మామని ఉరి తీసినవాళ్ళకి మర్యాదలా?" అని నీళ్ళ దగ్గర ఎదురింటి యెల్కా అందరిముందూ అడిగింది. జవాబు చెప్పాలంటే అటక గురించి చెప్పాలి. పెర్సిదా బిందె నింపుకుని వచ్చేసింది. దాదాపు రెండేళ్ళు ఆ మాటలు పడింది. తుపాకీ పట్టినవాళ్ళ ధైర్యం గురించి మా ఊళ్ళో రాతిస్తంభం ఉంది. నిజం చేతిలో పెట్టుకుని నోరు మూసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో దానికి ఏ స్తంభమూ లేదు.

అమెరికా యుద్ధంలో దిగింది, రష్యా వదిలేసింది. చివరికి దక్షిణాన సలోనికా వైపునుంచి మనవాళ్ళు విరుచుకుపడ్డారు. ముందు బల్గేరియా, ఆ తర్వాత టర్కీ, ఆస్ట్రియా, ఆఖరున జర్మనీ చేతులెత్తేశాయి. నాలుగు సామ్రాజ్యాలు కూలాయి. తిహోమిర్ అటక దిగాడు. ఒబ్రెన్ రాలేదు, కోర్ఫూ దీవి దగ్గర ఓడలో చనిపోతే సముద్రంలో దింపారని తోటివాడొకడు వచ్చి చెప్పాడు. పెర్సిదా ఏడ్చిన రోజు అదొక్కటే. ఊరంతా విన్నారు.

ఆ చలికాలం స్లావాకి ఇల్లు కిటకిటలాడింది. తిహోమిర్ ఎలా బతికాడో అప్పటికి అందరికీ తెలిసింది. యెల్కా కూడా వచ్చి, గుమ్మం దగ్గరే తలొంచుకుని నిలబడింది. శిబిరం నుంచి సగమై తిరిగొచ్చిన పాదిరిగారు రొట్టె చేతిలోకి తీసుకున్నారు. దాన్ని ఇంటి యజమానితో కలిసి తిప్పి విరవాలి.

"రా తిహోమిర్, యజమానివి. నా ఎదురుగా నిలబడు," అన్నారాయన.

తిహోమిర్ కర్ర ఊతంతో ఒక్కడుగు వేశాడు. వేసి, బల్ల చివరి వరకూ కుంటుకుంటూ వెళ్ళి, అతిథుల మధ్య ఖాళీ చేసుకుని కూర్చున్నాడు.

"నేను అతిథినండీ అయ్యగారూ," అన్నాడు. "ఈ ఇంటి యజమాని నిలబడే ఉంది, చూడండి."

స్తోయానా కోడలి వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. పాదిరిగారు ఒక్క క్షణం ఆగి, రొట్టెని పెర్సిదా వైపు తిప్పారు.