తులసి సీసాల్లో పసుపు రంగులు

కళింగపట్నం రేవులో చేపలమ్మే గురమ్మకు ఒక్కతే కూతురు తులసి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక, 2014లో శ్రీకాకుళం దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరింది. వాళ్ల వాడలో అంతవరకూ చదివిన ఆడపిల్ల మరొకరు లేరు.

ఆమె చేసేది చిత్రమైన పని. సబ్బులాంటి మెత్తటి పదార్థాన్ని హెప్టేన్ అనే ద్రవంలో కరిగించి, కాసిని నీళ్లు కలిపితే కంటికి ఆనని నీటిబొట్లు ఏర్పడతాయి. పైకి మాత్రం ద్రవం తేటగానే ఉంటుంది. ఒక సీసా బొట్లలో కాడ్మియం లవణం, ఇంకో సీసా బొట్లలో సల్ఫైడ్. రెండూ కలిపితే ఆ బొట్ల లోపలే కాడ్మియం సల్ఫైడ్ రేణువులు పుడతాయి. బొట్టు చిన్నదైతే రేణువూ చిన్నదే.

తులసికి మాత్రం అవి నిలిచేవి కావు. పొద్దున తేటగా ఉన్నది సాయంత్రానికి కలకబారి, పసుపు పొడిగా అడుక్కి దిగిపోయేది. నెలల తరబడి ఇదే వరస.

ముసురు పట్టిన ఒక రోజు, ఆ సబ్బులాంటి పదార్థాన్ని త్రాసు మీదే మరిచిపోయి టీకి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే బరువు పెరిగి ఉంది. అలాగే నిలబడి చూసింది. అంకె ఇంకా పైకే పోతోంది.

గైడ్ తిరుమలరావు గదికి పరుగెత్తింది. "సార్, అది గాలిలో చెమ్మ పీల్చేస్తన్నాది. మనం పోసినదానికన్నా లోపల నీళ్లు ఎక్కువున్నాయి. అందుకే బొట్లూ, వాటిల్లో రేణువులూ లావైపోయి అడుక్కి దిగిపోతన్నాయి."

ఆయన వచ్చి చూసి నవ్వేశారు. "ఇన్నాళ్లూ నాకూ తట్టలేదమ్మా. బాగా ఆరబెట్టి మళ్లీ చెయ్యి."

ఆరబెట్టి చేసింది. నీళ్లు కొంచెం కొంచెంగా పెంచుతూ వరసగా సీసాలు నింపింది. లేత నిమ్మరంగు నుంచి ముదురు పసుపు దాకా, మర్నాటికీ అన్నీ తేటగానే నిలిచాయి. ఆ ఆనందంలో తల్లిని ల్యాబుకు తీసుకొచ్చింది.

"ఏటే ఇది, పసుపు కలిపీసినావేటి?" అంది గురమ్మ.

"కాదమ్మా. అన్నిట్లోనూ ఒకటే సరుకు. సైజుని బట్టి రంగు మారతాది."

"సైజుని బట్టి రేటు మారతాదని తెలుసు గానీ, రంగు మారడం ఇప్పుడే సూస్తన్నాను."

తిరుమలరావు పగలబడి నవ్వుతూ కిటికీ తెరలు దించారు. తులసి అతినీలలోహిత దీపం వేయగానే సీసాలన్నీ మెత్తగా వెలిగాయి. గురమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. దీపం ఆర్పితే ఊరుకోలేదు.

"ఇంకోపాలి ఎయ్యే" అంది.