పులికాట్ ఒడ్డున గ్రీకు పండితుడు

మా కాలేజీలో ఉపన్యాసానికని వచ్చిన ఆ వేల్స్ పెద్దాయన రైలు దిగేసరికి, ప్లాట్‌ఫారం కప్పు భయపడి కాస్త పైకి జరిగిందని నా అనుమానం. అంత పొడుగు. బొగ్గుగనుల ఊళ్లో పుట్టి, గ్రీకూ లాటినూ ఒంటబట్టించుకుని, ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆ భాషల్ని జీవితమంతా పిల్లలకు బోధించాడు. ఎప్పుడో ఒక గ్రీకు నావికుడు మన తీరం గురించి రాసిన నాలుగు ముక్కల మీద ఈయన రాసిన పుస్తకాలు పేరిస్తే గూడూరు నుంచి చెన్నై దాకా గోడ కట్టొచ్చు. ఆ నావికుడి రేవు పులికాట్ సరస్సులోని ఒక దిబ్బేనని ఆయన వాదం. తోటి పండితులు నవ్వారట. చూపేమో మసకబారుతోంది. అది పూర్తిగా పోయేలోగా ఆ దిబ్బను చూడాలి. ఉపన్యాసం తర్వాత ఒక్క రోజే ఖాళీ, ఆ మర్నాడే తిరుగు రైలు.

ఆ ఖాళీ రోజు పొద్దున్నే పడవ సిద్ధం. మధ్యాహ్నం శ్రీహరికోటలో రాకెట్ ఉంది, పెందలాడే పడవలు ఒడ్డుకు చేరాలని చాటింపు. పడవాయన గెడ వేయబోతుంటే, పెద్దాయన తాను బట్టీపట్టిన తెలుగంతా కూడగట్టుకుని, "ఎక్కడికి వెళ్తున్నాం?" అన్నాడు.

పడవాయన గెడ పక్కనపెట్టి ఒడ్డెక్కి కూర్చున్నాడు.

"బయల్దేరేటప్పుడు యాడికని అడిగితే పని చెడతాది అబ్బయా. కాసేపు కూర్చోని, నీళ్లు తాగి పోదాం."

"కాసేపంటే?" అన్నాను.

"కాసేపే."

నేను తిరిగిన తిరుగుడుకి ఇసకలో కాలవ పడింది. పెద్దాయనకు సంగతి చెప్పి, మీరైనా కదిలించండి అన్నాను.

"పడవెక్కేటప్పుడు ఎవరైనా తుమ్మితే గ్రీకులూ ఆగేవారు. వాళ్లనెప్పుడూ తప్పుపట్టలేదు, ఈయన్నెందుకు పట్టాలి?" అని పక్కనే చతికిలబడి తానూ నీళ్లు తాగాడు.

"చూసినావా, ఆయనకు తెలిసింది. నీకే తెలీలా," అన్నాడు పడవాయన.

తీరా లేచేసరికి పోలీసులొచ్చి పడవలు కట్టేయమన్నారు. పెద్దాయన మొహం చూసి పడవాయనకే జాలేసింది.

"ఆ దిబ్బ మీద ఏముండాది సార్, ఇసకా కుండపెంకులూ. ఒకటి ఇంటికి తెచ్చినాం, దాంట్లోనే మా కోళ్లకి నీళ్లు పోస్తన్నాం."

నేను ఇంగ్లీషులోకి మార్చడం పూర్తికాకముందే పెద్దాయన అంగలేస్తున్నాడు. ఒడ్డునే ఉన్న పడవాయన ఇంటి ముందు, కోళ్ల మధ్య మోకాళ్ల మీద కూలబడి, పెంకును కంటికి ఆనించుకుని, అంచంతా బొటనవేలితో తడిమాడు.

"రోమన్ జాడీ అడుగుభాగం. ఆ నావికుడి కాలందే," అన్నాడు.

"సంచిలో వేసుకోండి, పోదాం," అన్నాను.

"ఎక్కడ దొరికిందో చూడకుండానా? మళ్లీ నవ్వుతారు."

"అది ఇట్టా ఇమ్మని చెప్పన్నా, కోళ్లకి దప్పికగా ఉండాది," అంది పడవాయన భార్య.

నేను ఫోన్ తీసి మర్నాటి రైలు టికెట్ రద్దు చేస్తుంటే, ఆయన పెంకు కిందపెట్టి చెంబుతో నీళ్లు పోస్తున్నాడు.