ఆ పాటలో అవ్వ చోటు

నా చిన్నప్పుడు మేం షార్జాలో ఉండేవాళ్ళం. నాన్న జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. శుక్రవారం సెలవునాడు దుబాయ్‌లోని సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉండే మా జిల్లావాళ్ళను చూడటానికి వెళ్తూ, నాకు ఇష్టం లేకపోయినా వెంట తీసుకెళ్ళేవాడు. అక్కడ మెస్సులో గిన్నెలు తోమే ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ పాటల తాత అనేవారు. ఈమధ్య ఆయన పాట ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. ఊపిరి తిప్పుకోకుండా ఎలా పాడాడో చూడండి అంటూ ఎవరెవరో మెచ్చుకుంటున్నారు. ఆ వీడియో తీసింది నేనే. అందులో ఉన్నది ఆయన పాట కాదు. ఆ మాట చెప్పడానికే, నలభైకి దగ్గరపడ్డాక, ఇది రాస్తున్నాను.

తాతది తరతరాలుగా కథలు పాడే కుటుంబం. ఊళ్ళల్లో భుజాన తంబూర పెట్టుకుని ఆయన పాడితే, పక్కన గుమ్మెట వాయిస్తూ ఆయన భార్య, అంటే మేమంతా అవ్వ అనే ఆమె, వంత పాడేది. ఆమె అందుకుంటేనే కథ ముందుకు నడిచేది. పెళ్ళయిననాటి నుంచీ అంతే. కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గిపోయాక ఆయన దుబాయ్ వచ్చాడు, ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది. అయినా పాడే పద్ధతి మారలేదు. మంచం మీద కూర్చుని, ఖాళీ నూనె డబ్బా మీద దరువు వేస్తూ ఒక చరణం పాడేవాడు. ఆపేవాడు. ఎడమవైపు తల తిప్పి, అక్కడ ఎవరో వంత పాడుతున్నట్టే వినేవాడు. అది పూర్తయ్యేంతసేపూ దరువు ఒక్కటే నడిచేది. తర్వాత చిన్నగా తల ఊపి రెండో చరణం ఎత్తుకునేవాడు.

గదిలో అందరికీ ఈ సంగతి తెలుసు. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా ఉత్సాహంగా ఆ ఖాళీలో గొంతు కలిపితే పై మంచం మీంచి కేక వచ్చేది. "చుప్ రా! అది అవ్వ సీటు. లే, లే." అందరూ నవ్వేవారు. తాత కూడా నవ్వేవాడు. ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడిలో చిన్న డాక్యుమెంటరీల పోటీ పెట్టారు. నమూనాగా టీచరు, అమెరికాలో బ్లూస్ పాడే ఒక నల్లజాతి ముసలాయన మీద ఎవరో తీసిన చిత్రం చూపించారు. ఖాళీ గది, పాత గిటారు, ఒక్కడే మనిషి.  నాకూ అలాంటి ఒంటరి గాయకుడు కావాలనిపించింది. తాత దొరికాడు.

నాన్న హ్యాండీక్యామ్ పట్టుకెళ్ళి, గదిలోవాళ్ళందరినీ బయటికి పొమ్మన్నాను. "అరే, డైరెక్టర్ సాబ్ వచ్చిండు. యల్లా, నడువుండ్రి బైటికి," అని ఆటపట్టిస్తూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, తువ్వాలు తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు. "అవ్వ గూడ సూస్తదా బిడ్డా దీన్ని?" అని అడిగాడు. చూస్తుందన్నాను. ఆ రోజు ఆయన పాడినంత బాగా మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ ఖాళీలు నాకు విసుగు పుట్టించాయి. పైగా చిత్రం ఐదు నిమిషాలు దాటకూడదు. ఒక్కొక్క ఖాళీనీ కోసేశాను. చరణానికి చరణం అతికించాను. ఎడమవైపు తిరిగే తల కూడా వాటితోనే పోయింది. ఈయన పాటకు ఎవరి తోడూ అక్కర్లేదని ఇంగ్లిష్‌లో నా గొంతుతో వ్యాఖ్యానం కూడా చేర్చాను. మొదటి బహుమతి వచ్చింది. నాన్న మురిసిపోయి సీడీలు తీయించాడు. సెలవు మీద ఊరెళ్తున్న ఒకతని చేతికి తాత ఒకటి ఇచ్చి పంపాడు. తను మాత్రం దాన్ని చూడలేదు. చూపించాలని నాకు తోచలేదు.

కొన్నాళ్ళకు ఒక శుక్రవారం వెళ్ళేసరికి నూనె డబ్బా మంచం కింద ఉంది. అవ్వ ఫోన్‌కు రావడం లేదని గదిలోవాళ్ళు చెప్పారు. ఊళ్ళో కిరాణాకొట్టు టీవీలో, నలుగురి మధ్య కూర్చుని ఆమె ఆ సీడీ చూసిందట. కథలు పాడేవాళ్ళలో వంతకు ఆగకుండా పాడుకుపోవడమంటే, వంత మనిషిని వద్దనుకోవడమేనట. "నేను లేకుంటనే పాట సాగుతున్నదిగా. ఇగ నాతోటేం పని?" అని కబురు పంపింది.

తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నేను ఆగిన గద బిడ్డా? నీకు యాదికున్నదా?"

నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. "టేపు పాడైంది తాతా. మధ్యమధ్యలో ఎగిరిపోయింది," అన్నాను.

ఆయన లేచి, నన్ను క్యాంపు బయట ఉన్న ఫోన్ బూత్‌కు తీసుకెళ్ళాడు. సినిమా తీసిన పిల్లవాడు మాట్లాడతాడని కొట్టతనితో చెప్పించి, ఆమెను కొట్టు ఫోన్ దగ్గరికి రప్పించాడు. "నా మాట నమ్మది. టేపు సంగతి నువ్వే చెప్పు," అని రిసీవరు నా చేతిలో పెట్టాడు.

"ఎవరు బిడ్డా?" అంది ఆమె. గొంతు మెత్తగా ఉంది. తాతకు చెప్పినంత తేలిగ్గా ఆమెకు ఆ అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పడానికీ నోరు రాలేదు. "హలో, మాట్లాడవేంది?" అని మళ్ళీ అడిగింది. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

తాత నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి రిసీవరు తీసుకున్నాడు. "పిలగాడు సిగ్గువడుతుండు. ఇనవే, టేపు లేదు గీపు లేదు. నేనే ఆగలే. కెమెరా సూడంగనే ఆగమైన. తప్పు నాదే," అన్నాడు. అవతల నుంచి ఆమె తిట్లు నాకు కూడా వినిపించాయి. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తివి గదయ్యా!" అంటోంది. ఆయన అవునే, అవునే అంటూ తల వంచుకుని విన్నాడు. ఆమె ఆయాసపడి ఆగాక ఒక చరణం పాడి ఊరుకున్నాడు. బూత్ ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా మాటలాపేశారు. చాలాసేపటికి రిసీవరులోంచి సన్నగా వంత వినిపించింది.

ఫోన్ పెట్టేసి నా తల మీద చెయ్యి వేశాడు. "ఖలాస్ బిడ్డా. అయిపాయె," అన్నాడు. నిజమేమిటో ఆయనకు తెలుసని ఆ చెయ్యి పడినప్పుడే నాకు అర్థమైంది. ఆయన మా నాన్నతో ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను మాత్రం పరీక్షలనీ ట్యూషన్లనీ సాకులు చెప్పి ఆ క్యాంపు మొహం మళ్ళీ చూడలేదు. తాత పాట ఉన్న అసలు టేపు మీదే స్నేహితుల క్రికెట్ ఆట రికార్డు చేసి, దాన్ని చెరిపేశాను.

తాత ఊరికి తిరిగి వెళ్ళి, కొన్నేళ్ళు బతికి పోయాడని విన్నాను. కెమెరా చూసి పెళ్ళాన్ని మరిచిన మనిషని ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆయన గురించి నవ్వుకుంటారట. అవ్వ కూడా ఆ మాటే నమ్ముతోందట. చేయని తప్పును ఆయన నెత్తిన వేసుకున్నాడు, నేను వేసుకోనిచ్చాను. ఇప్పటికీ ఎవరైనా నా చేతికి ఫోన్ ఇచ్చి మాట్లాడమంటే, మొదట ఆమె గొంతే వినిపిస్తుంది. ఈ సంగతులన్నీ నాకు చెప్పిన అవ్వ మనవడు, దీన్ని ఆమెకు చదివి వినిపిస్తానన్నాడు.

అవ్వా, ఎవరని అడిగావు. నేనే. ఆయన ప్రతి చరణానికీ నీకోసం ఆగాడు. నీ చోటు కోసేసింది నేను.