లెక్క ప్రకారం లేని బుట్ట

నిండుగా చోళ్ళు, అంటే రాగులు, పోసి ఉన్న బుట్టను ముప్పైమంది పిల్లల ముందు, ఒక పెద్ద అధికారి ముందు పెట్టి, "ఇందులో ఏమీ లేదు" అని రుజువు చేసిన ఘనురాలిని నేను. గాలి కబుర్లు కావు, బోర్డు మీద సుద్దముక్కతో వరస తప్పకుండా రుజువు చేశాను. ఆ రోజు నా పరువు ఎలా పోయిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. కాకపోతే అప్పుడు నాకు ప్రాణం పోయేంత భయంగా ఉందని మాత్రం గుర్తుంచుకోండి.

అరకు దగ్గర కొండమీద ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు లెక్కల టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. నాది విజయనగరం. బియ్యం కిలోల్లో, పాలు ప్యాకెట్లలో తప్ప ఎరగను. తనిఖీకి వచ్చే అధికారి నా పాఠం బాగుందంటేనే వచ్చే ఏడాది ఉంచుతారు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. హెచ్చెమ్ మేడమ్ ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

పాఠం ఏమిటంటే, రెండు సమీకరణాలను కూడి సాధించడం. ఒకదానిలో ప్లస్ y, రెండోదానిలో మైనస్ y ఉంటే, రెండింటినీ కూడగానే y ఎగిరిపోతుంది, x ఒక్కటే చేతికి చిక్కుతుంది. పుస్తకంలో లెక్క చెప్పి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఊరుకుంటానా? అధికారిని మెప్పించాలని వంటశాలకు వెళ్ళి వంటమనిషి బుద్రమ్మను పట్టుకున్నాను.

"బుద్రమ్మా, నీ పెద్ద గంపలో ఎన్ని చోళ్ళు పడతాయో, చిన్న బుట్టలో ఎన్ని పడతాయో నాకు కావాలి. కానీ విడివిడిగా చెప్పకు."

"ఇడిగా సెప్తే అయిపోద్ది కదమ్మా. ఈ తిప్పలేటి?"

"ఆ తిప్పలే పాఠం. రెండూ కలిపి చెప్పు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "రెండు గంపలు, ఒక బుట్ట కలిపితే ఎనిమిది కుంచాలు. గంపలో బుట్టకన్నా నాలుగు మానికలు ఎక్కువ పడతాయి. సాలా?"

చాలనుకున్నాను. నోటుపుస్తకంలో ఎనిమిది, నాలుగు అని రాసుకున్నాను. తనిఖీ ఎల్లుండి కదా, రేపు తీరిగ్గా చేసి చూసుకోవచ్చులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హెచ్చెమ్ మేడమ్ డాబా మీంచి పరుగున దిగారు. మా బడిలో ఫోన్‌కి సిగ్నల్ డాబా మీదే దొరుకుతుంది. "భవానీ, తనిఖీ ఇయ్యాళేనట! మెసేజీ ఇప్పుడే వచ్చింది. జీపు కూడా వచ్చీసింది!"

బుద్రమ్మ రెండు గంపలు, ఒక బుట్ట చోళ్ళతో నింపి తెచ్చి తరగతిలో నా బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయింది. అధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ తుడవడం చూడలేక బోర్డు వైపు తిరిగాను.

"గంప x, బుట్ట y. రెండు గంపలు, ఒక బుట్ట కలిపి ఎనిమిది కుంచాలు," అని 2x + y = 8 రాశాను. "గంపలో నాలుగు మానికలు ఎక్కువ," అని x − y = 4 రాశాను. చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

ముందు వరసలో జ్యోతి చెయ్యెత్తింది. "టీచరు..."

"మధ్యలో అడక్కూడదు. చెయ్యి దించు!" అన్నాను. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగినా ఏడ్చేసేలా ఉన్నాను మరి.

రెండు సమీకరణాలనూ కూడేశాను. y ఎగిరిపోయింది. 3x = 12. x = 4. ఇంక మిగిలింది y. రెండు గంపలకే ఎనిమిది అయిపోయింది కాబట్టి y = 0.

అధికారి మెల్లగా లేచి వచ్చారు.

"ఆ బుట్టలో ఏమున్నాయమ్మా?"

"చోళ్ళు సార్."

"ఎన్ని?"

"సున్నా సార్."

ఆయన బుట్టలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి, నా ముఖం ముందు జలజలా జారవిడిచారు. "మరి ఇవేమిటి?"

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా? భయం మూసుకోనిస్తే కదా! "లెక్క ప్రకారం అవి లేవు సార్," అన్నాను.

తప్పు నాది కాదని చూపించాలని బుద్రమ్మను పిలిపించాను. గరిటెతోనే వచ్చింది. బోర్డు వంక చూసి, "నాలుగేటమ్మా?" అంది.

"నువ్వు చెప్పిందే కదా, నాలుగని!"

"నాలుగు మానికలన్నాను. నాలుగు కుంచాలని ఎవులన్నారు? నాలుగు మానికలైతే ఒక కుంచం. సంటిపిల్లకైనా తెలుసు!"

పిల్లలందరూ తలలూపారు. "మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు టీచరు," అంది జ్యోతి. "సెప్పుదామనే సెయ్యెత్తాను. దించమన్నారు. ముందే వణికిపోతన్నారు, మళ్ళీ సెప్తే పడిపోతారేమోననీసి ఊరుకున్నాను."

నాకంత సిగ్గు జీవితంలో మళ్ళీ వేయలేదు. సుద్దముక్క జ్యోతి చేతికిచ్చాను. ఆ పిల్ల నాలుగు చెరిపి ఒకటి పెట్టింది. కూడింది. 3x = 9, గంప మూడు కుంచాలు, బుట్ట రెండు. బుద్రమ్మ మానిక తెచ్చి బుట్టలోవి కొలిచింది. సరిగ్గా ఎనిమిది మానికలు. అధికారి కాగితం మీద ఏదో రాసి హెచ్చెమ్ మేడమ్ చేతిలో పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయారు.

ఆ కాగితం హెచ్చెమ్ మేడమ్ చదువుతుంటే నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. మనసులో పెట్టె సగం సర్దేశాను కూడా. ఆవిడ గట్టిగా చదివారు: "పాఠం బాగున్నది. పిల్లలకు బాగా వచ్చును. వచ్చే ఏడాది కూడా ఈ టీచరును ఉంచి, ఈమెకు కొలతలు నేర్పించవలెను. నేర్పవలసినవారు: వంటమనిషి."

ఇప్పుడు నేను ఈ బడిలోనే పర్మనెంటు. ఆ బుట్ట ఇప్పటికీ నా బల్లమీదే ఉంటుంది. కాబట్టి పాఠకులారా, మీరే సాక్షులు. కుంచాన్నీ మానికనీ ఇంక ఈ జన్మలో కలపనని, భయంతో కాళ్ళు వణుకుతున్నా సరే, చెయ్యెత్తిన పిల్లను దించమననని, లెక్క ప్రకారం లేని ఆ బుట్టలో చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను.