ఫ్లూ సూది వేసుకున్నా జ్వరమెందుకు? చిక్కడపల్లిలో దొరికిన జవాబు

ఈ ప్రయాణం ఊరు చూడటానికని పెట్టుకున్నది కాదు. మా తమ్ముడు సందీప్ రాజధానిలో, అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. అందుకే ఈ ఏడాది ఫ్లూ సూది వేయించుకోమని నేనే వెంటపడ్డాను, వేయించుకున్నాడు కూడా. ఓ ఉదయం నేను బడికి బయలుదేరుతుంటే ఫోన్ చేశాడు. గొంతు బొంగురు పోయింది. "అక్కా, నిన్న సాయంత్రం నుంచి జరం. రూముల ఇంకో ఇద్దరికి గూడ గట్లనే ఉంది. నాకు దమ్ము ఆడ్తలేదు. సూది ఏస్కున్న గద, మరి గిదేంది?" నేను కరీంనగర్ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. నేను వస్తున్నానని వాడితో అన్నాను. బడికి సెలవు పెట్టి బస్టాండుకు వెళ్లిపోయాను.

ఇదే దారిలో వచ్చేవాళ్ల కోసం చెప్తున్నాను. కరీంనగర్ నుంచి జూబ్లీ బస్టాండుకు ఎక్స్‌ప్రెస్‌లో మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. అక్కడ ఆటోవాళ్లతో బేరం పెట్టుకోకుండా పక్కనే మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా చిక్కడపల్లిలో దిగొచ్చు. అక్కడి నుంచి అశోక్‌నగర్ దగ్గరే, షేర్ ఆటో కూడా దొరుకుతుంది. దారి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ షాపులు, భుజాన సంచులతో పిల్లలు. ఆ రోజు ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు దగ్గుతున్నట్టే నాకు వినిపించింది.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, మధ్యలో ఒక మనిషి నడిచేంత సందు. సందీప్ గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలో పిల్లి కూత. "ఇంకెప్పుడు సూది గీది అనకు అక్కా. జన్మల ఏస్కోను," అన్నాడు. వాదించే సమయం కాదది. ఆటోలో కూర్చోబెట్టి, చిక్కడపల్లిలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరుగారికి అరవై ఏళ్లు ఉంటాయి. ఆ వీధిలోనే పుట్టి పెరిగానని తర్వాత చెప్పారు. వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూడగానే ఆవిడ ముఖంలో నవ్వు తగ్గింది. ముక్కులోంచి నమూనా తీయించారు. కాసేపటికే ఫ్లూ అని తేలింది. మొదటి మాత్ర అక్కడే మింగించి, ముఖానికి నెబ్యులైజర్ తగిలించారు. "సాయంత్రం దాక ఈడనే ఉంచుదం. మీటర్ల అంకె పైకి రాకుంటే పెద్దాసుపత్రికి రాస్త. జర ఓపిక పట్టమ్మా," అన్నారు. మాస్కులోంచి బుసబుసమంటూ పొగ వస్తుంటే, నేను ఆ మీటరు అంకెనే చూస్తూ కూర్చున్నాను.

రోగులు పలచబడ్డాక ఆవిడ మళ్లీ వచ్చారు. నేను అడిగేశాను. "మేడమ్, తట్టు ఒకసారి వస్తే మళ్ల రాదని పిల్లలకు చెప్త. దాని టీకా చిన్నప్పుడు ఏస్తే చాలు. మరి ఫ్లూకు ఏటేటా ఎందుకు? ఏసినంక గూడ ఎందుకొచ్చింది?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రెండు వైరస్‌లూ మన ఒంట్లో తమ నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తయి. తట్టు వైరస్ పైనున్న బుడిపెలు మారితే, అది మన కణానికి అతుక్కోలేదు. ఆ నకలు ఆడికే ఖతం. ఫ్లూ గట్ల కాదు. దాని బుడిపె తలమీద అతుక్కునే గుంట ఒకటుంటది. ఆ గుంటను అట్లనే ఉంచుకుంటది, చుట్టూ అంచులు మాత్రం మారుతుంటయి. మన ఒంట్లో యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది ఆ అంచులనే."

ఎన్నో ఏళ్లుగా నల్లబల్ల మీద వైరస్ అంటే ఒక గుండ్రం గీసి, చుట్టూ ముళ్లు పెట్టి వదిలేశాను. ఆ ముల్లు కొసన ఇంత ఉందని ఎప్పుడూ ఊహించలేదు. దానికి మెదడు లేదు, ఉద్దేశం లేదు. తప్పుల్లో చాలావాటితో ఆ నకళ్లే చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటి మన కాపలా కళ్లుగప్పి బతుకుతుంది, దాని పిల్లలే ఊరంతా పాకుతాయి.

"మరి ఆ మారని చోటు మీదనే టీకా చెయ్యరాదా?"

"అదే పనిమీద ఉన్నరు. బుడిపె కింది కాడ గూడ పెద్దగా మారదు. కానీ మన ఒంటికి పైన తల ముందుగాల కనపడ్తది, యాంటీబాడీలు దాని మీదికే ఉరుకుతయి. అందుకని ఏం చేస్తరంటే, అన్ని దేశాల్ల రోగుల నమూనాలు చూసుకుంట, రాబోయే సీజన్ల ఏ రకం తిరుగుతదో నెలల ముందే అంచనా ఏస్తరు. టీకా తయారైతున్నన్ని రోజులు వైరస్ ఊకె కూసోదు కద! ఇంకోటి చెప్తా విను. టీకా కోసం దాన్ని ఎక్కువగా కోడిగుడ్లల్ల పెంచుతరు. ఒక్కోసారి ఆ గుడ్డుకు తగ్గట్టు గూడ మారిపోతది."

"గుడ్డుల గూడనా!" మాస్కు పక్కకు జరిపి అన్నాడు సందీప్. అప్పటిదాకా కళ్లు మూసుకుని అన్నీ వింటున్నాడని మాకు తెలియలేదు.

డాక్టరుగారు నవ్వి మాస్కు సరిచేశారు. "నీకు ఏసిన సూది దండుగ అనుకోకు బాబూ. వైరస్ రూపు కొంచెం మారినా దానిమీద కొన్ని పాత గుర్తులు ఉంటయి. జరం రాకుండ ఆపకపోయినా, చాలామందికి అది ముదరకుండ అడ్డం పడ్తది. నీ ఒక్కని విషయంల ఎంత ఆపిందో నేను చెప్పలేను. కానీ ఆస్తమా ఉన్న మనిషివి, సూది లేకుండ మాత్రం నిన్ను చూడాలనుకోను."

ఎండ దిగేసరికి మీటరు అంకె మెల్లగా పైకి వచ్చింది. పిల్లి కూత తగ్గింది. డాక్టరుగారు స్టెతస్కోపు వీపు మీద నాలుగు చోట్ల ఆనించి విని, "ఇంక పొయ్యి పండుకో. రాత్రి ఏమన్న తేడా కొడితే వెంటనే రావాలె," అన్నారు. బయటికి వస్తుండగా సందీప్ గుమ్మం దగ్గర ఆగాడు. "మేడమ్, వచ్చే ఏడాది టీకా ఎప్పుడొస్తది?" అని అడిగాడు.

నారాయణగూడలో ఒక లాడ్జి గది తీసుకుని, వాడిని మూడు రోజులు అక్కడే ఉంచాను. హాస్టల్ గదుల్లో రోగిని వేరుగా పెట్టే వీలుండదు కాబట్టి మీకూ ఇదే మంచిది. పొద్దున మెట్రో స్తంభాల కింద ఒక బండి దగ్గర ఇడ్లీలు కట్టించుకునేదాన్ని. "దగ్గెటోళ్లకు కారం ఒద్దక్కా, పల్లి చట్నీ ఏస్త," అనేది ఆ బండి ఆమె. మూడో రోజు సందీప్ మెట్లు తనే దిగి వచ్చి, బండి దగ్గరే నిలబడి తిన్నాడు. పరీక్షకు చదవాల్సింది చాలా మిగిలిందని కంగారు పడ్డాడు. ఆ కంగారు చూసి నాకు సంతోషమేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా ఊపిరిని నేనే గమనించుకున్నాను. కంటికి కనపడని ఒక నలుసు మా తమ్ముడి గొంతులో కోట్ల నకళ్లు తీసుకుంది. వాటిలో ఏ తప్పు వచ్చే ఏటి జ్వరమవుతుందో ఎవరికీ తెలియదు. అటువైపు, మనకు ముఖం కూడా తెలియని మనుషులు ఎన్నో దేశాల్లో కూర్చుని దాని అంచుల్లో మార్పులు రోజూ చదువుతున్నారు. ఒకసారి వెనకబడినా, మరుసటి ఏడు మళ్లీ మొదలుపెడుతున్నారు. ఈ రెండింటి మధ్య మనం ఇంత మామూలుగా బతికేస్తున్నందుకు ఆశ్చర్యంతో పాటు కొంచెం భయం, చాలా కృతజ్ఞత కలిగాయి.

ఒక్క సలహా: మీ వాళ్లలో ఆస్తమా ఉన్నవాళ్లు హాస్టల్‌లో ఉంటే, జ్వరం మొదలైన రోజే డాక్టరుకు చూపించమనండి. ఫ్లూ మాత్రలు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి.