గెడ్డలో కలిసిన మందునీళ్లు

మా అక్కకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ అంత విడమరచి చెప్పి వారమైనా కాలేదు, ఈ ఉదయం పందులకు మందు కలిపిన బకెట్లో మిగిలిన నీళ్లను పాత అలవాటు కొద్దీ ఇంటి పక్క పారే గెడ్డలోనే కుమ్మరించాను. తప్పు తెలిసేసరికి నీళ్లు వాలులోకి జారిపోయాయి. దిగువ ఇళ్లవాళ్లు తాగేదీ, మా అక్క కాలిపుండు కడుక్కునేదీ ఆ గెడ్డ నీళ్లే.

హుకుంపేట దగ్గర పశువైద్యానికి సహాయకుడిగా చేరిన కొత్తలో, మందుపెట్టె భుజాన వేసుకుని పచ్చగా పూసిన వలిసె చేల మధ్య నుంచి నడిచి వెళ్లేవాణ్ని. జ్వరంతో చతికిలబడ్డ ఎద్దుకు ఒక్క సూది వేస్తే మర్నాటికి లేచి మేతకు పోయేది. నా చేతి చలవేనంటూ ఎద్దు గలవాళ్లు జీలుగు కల్లు పోస్తే, నిజమేననుకుని తాగేవాణ్ని. ఆ గర్వంతోనే, రోగం రాకముందే కోళ్లకూ పందులకూ నీళ్లలో మందు కలపమని ఊరూరా చెప్పాను. వాటి పెంట చేలకు పోయేది, వానకు గెడ్డలోకి దిగేది. మనలో ఎవరం ఆలోచించాం?

కొడవలికి తెగిన అక్క కాలు రెండు రకాల మందులకూ లొంగలేదు. మందుకు చావని క్రిములు ఆ ఒడుపును పక్కనున్న వేరే జాతి క్రిములకూ అందిస్తాయట. పంది కడుపులో, పెంటలో, బురదలో, నీళ్లలో, చివరికి మనిషి పుండులో కూడా. అక్కకు ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరమ్మ. ఇక మిగిలింది ఒక్క మందు. అదీ పని చెయ్యకపోతే కాలు తీసెయ్యాలట. అక్క మాత్రం నవ్వింది. “ఏటిరా తమ్ముడూ, నీతోపాటు నీ మందూ ముసిలిదైపోనాదేటి?”

నేను నవ్వలేకపోయాను. మందు ముసలిదవలేదు, క్రిములు నేర్చుకున్నాయి. నేర్పిన చేతుల్లో నాదీ ఒకటి. ఆ రోజుల్లో సూది వేసి ధీమాగా ఇంటికొచ్చేవాణ్ని. ఇప్పుడు అక్క కట్టు విప్పుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప నా వల్ల అయ్యేదేమీ లేదు.

అందుకే ఈ ఉదయం అక్కకు చెప్పి, దిగువకు పరుగెత్తి ఇంటింటికీ తిరిగి చేసిన పని ఒప్పుకున్నాను. మరదలు వరసావిడ బిందె దించి నడుం మీద చెయ్యి వేసుకుంది. “ఏటి సేత్తన్నావు బావా? మందు పొయ్యమన్నోడివీ నువ్వే, నీళ్లు ముట్టొద్దన్నోడివీ నువ్వేనా? మరెప్పుడు పట్టుకోవాలి?”

తెలియదన్నాను. ఇంటికొచ్చి పందుల పెంట వెయ్యడానికి గెడ్డకు దూరంగా గొయ్యి తవ్వి, మిగిలిన మందు పొట్లాలు పశువుల ఆసుపత్రిలో అప్పజెప్పాను. తర్వాత పందుల దొడ్డికి ఎగువనున్న ఊట నుంచి కావిడితో నీళ్లు తెచ్చి, ముందు అక్క కుండ, ఆ తర్వాత మరదలి బిందె నింపాను. రేపూ మోస్తాను.